తోస్తే తొండేనా?

"మామా, డాడీ తొండి చేస్తుండు!"

మొన్న ఆదివారం సాయంత్రం మా మేనల్లుడు పెట్టిన కేక ఇది. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి వెనకగదిలోకి వెళ్లి చూశాను. పిన్‌బాల్ మెషీన్ ముందు మా బావ కాళ్లు ఎడంగా పెట్టి, రెండు అరచేతులూ పెట్టె అంచులకు ఆనించి, ఆగిపోయిన ఆటోను తోస్తున్నట్టు నడుంతో ఊపుతున్నాడు. ఎడమవైపు సందులోకి జారిపోవాల్సిన బంతి రబ్బరుకు తగిలి మళ్లీ లోపలికొచ్చింది. బావ మీసం దువ్వుకున్నాడు. పిల్లాడు నా వైపు తిరిగాడు, తీర్పు చెప్పమని.

నేను మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో టీవీలు, ఇన్వర్టర్లు రిపేరు చేస్తాను. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక గేమ్ పార్లర్ మూసేస్తూ సామానంతా తుక్కు కింద అమ్ముతుంటే ఈ పెట్టె నా కంట పడింది. 1990ల నాటి అమెరికా సరుకు, 110 కిలోలకు పైమాటే. ట్రాలీ ఆటోలోంచి దించడానికి నలుగురం పట్టాం. దానికి 110 వోల్టులు కావాలి, మన కరెంటు 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి, కాలిపోయిన కాయిళ్లు మళ్లీ చుట్టించి, రబ్బర్లు మార్చి, ఆరు నెలలకు లేపి నిలబెట్టాను. మా అమ్మ మాత్రం ఇప్పటికీ దాన్ని "నాలుగు కాళ్ల శవపెట్టె" అనే అంటుంది. ఆ గదిలో దీపం పెట్టడం కూడా మానేసింది.

ఆట ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అద్దం కింద ఏటవాలు బల్ల, ఆరున్నర డిగ్రీల వాలు. 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి, తూకం 80 గ్రాములు. స్ప్రింగు లాగి వదిలితే పైకెళుతుంది, స్తంభాలకూ రబ్బర్లకూ కొట్టుకుంటూ కిందికొస్తుంది. చివర్న రెండు రెక్కలుంటాయి, ఫ్లిప్పర్లంటారు. పక్కనున్న బటన్లు నొక్కి వాటితో బంతిని మళ్లీ పైకి కొట్టాలి. మధ్యలోంచో పక్క సందుల్లోంచో జారిపోతే ఆ బంతి పోయినట్టే.

అల్లుడి వాదన సూటిగా ఉంది. వాళ్లింట్లో క్యారమ్స్ ఆడేటప్పుడు బావంత చాదస్తపు మనిషి ఇంకొకడు ఉండడు. ఎవరి మోచేయి బోర్డుకు తగిలినా ఆట ఆపేస్తాడు. గీత మీద స్ట్రైకర్ వెంట్రుకవాసి తప్పినా ఒప్పుకోడు. "అక్కడ బోర్డు కదిలిస్తే తొండి, ఇక్కడ మొత్తం మెషీన్‌నే ఊపుతుంటే తొండి కాదా?" అని వాడు. బావ తొణకలేదు. "అది బోర్డురా, దానికి నోరు లేదు. ఇది మెషీన్. వద్దనుకుంటే అదే చెప్తది."

నేను ఏమీ అనకుండా పెట్టె ముందువైపు నాణేలు వేసే చిన్న తలుపు, అంటే కాయిన్ డోర్ తెరిచి, టార్చ్ వేసి, పిల్లాణ్ణి వంగి చూడమన్నాను. లోపల ఎడమ గోడకు సన్నని కమ్మీ ఒకటి వేలాడుతుంటుంది, దానికి చిన్న లోహపు గుండు. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి తాపీమేస్త్రీ దారం కట్టి వదిలే గుండులాంటిదే. దాని చుట్టూ తగలకుండా ఒక రింగు. మెషీన్‌ను ఊపితే గుండు ఊగుతుంది. ఊపు ఎక్కువై రింగును ముట్టుకుందంటే సర్క్యూట్ పూర్తవుతుంది. మా మెషీన్‌లో మొదటి రెండుసార్లు హెచ్చరిక, మూడోసారి టిల్ట్. లైట్లు ఆరిపోతాయి, ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, కళ్లముందే బంతి జారిపోతుంది, ఆ బంతి మీద కూడబెట్టుకున్న బోనస్ కూడా పోతుంది. పిల్లాడు వేలితో గుండును ఒకసారి తట్టి, రింగుకు తగిలేదాకా చూసి, "మరి రింగుకు తగలకుండా ఎంతైనా ఊపొచ్చా?" అన్నాడు. వాడు ఎటు పోతున్నాడో నాకు అర్థమైంది. బావకు అర్థం కాలేదు.

ఈ ఆటలో తోయడం మధ్యలో ఎవరో నేర్చిన తుంటరితనం కాదు. వయసులో అది ఫ్లిప్పర్ కంటే పెద్దది. స్ప్రింగు ప్లంజర్‌తో బంతిని కొట్టే బల్లకు మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో పేటెంట్ తీసుకున్నాడు. ఫ్లిప్పర్లేమో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ మెషీన్‌తో 1947లో వచ్చాయి. మధ్యలో ఆ 76 ఏళ్లూ బంతిని వదిలాక ఆటగాడి చేతిలో ఏముంది? పెట్టెను తట్టడం, కుదపడం, దేవుడికి మొక్కుకోవడం. జనం మరీ రెచ్చిపోయి కింద నుంచి గుద్దుతున్నారని హ్యారీ విలియమ్స్ అనే డిజైనర్ 1930ల్లో పెట్టె అడుగున మేకుల మొనలు బయటికొచ్చేలా కొట్టాడని చెబుతారు. తర్వాత అది మరీ మోటుగా ఉందని తనకే అనిపించి, కుదిపితే ఆట ఆగిపోయే ఏర్పాటు వైపు మళ్లాడట. వేలాడే గుండు కూడా ఆయన చలవే.

ఆ మేకుల సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు మా జిల్లాలోని కురుమూర్తి స్వామి జాతర గుర్తొచ్చింది. చిన్నప్పుడు దీపావళి తర్వాత నాయన తీసుకుపోయేవాడు. స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల రోజు తొక్కిసలాటలో నాయన చెయ్యి వదలకుండా నడవడమే ఒక పని. ఆ జనంలోనే ఒక మూల మేకుల బల్ల పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడు. రూపాయికి ఐదు గోటీలు. పుల్ల లాగి వదిలితే గోటీ మేకుల మధ్య గలగలమంటూ దిగి ఏదో ఒక గడిలో పడుతుంది. సబ్బుపెట్టె వచ్చే గడి చుట్టూ మేకులు దట్టంగా ఉండేవి. మూడో గోటీకి నేను మోకాలితో బల్లను కొంచెం, నిజంగా కొంచెమే, నెట్టాను. ఆయన చేతిలో సన్నని వేపబెత్తం ఉండేది. పిక్క మీద పడింది. ఏడుస్తూ కింద కూర్చున్నప్పుడు చూశాను, బల్ల కుడి కాళ్ల కింద ఇటుక ముక్కలున్నాయి. గోటీలన్నీ ఎడమవైపు ఖాళీ గడుల్లోకి పోయేలా. నేను తోస్తే తొండి. ఆయన ఇటుక పెడితే వ్యాపారం.

అందుకే పిన్‌బాల్‌లో నాకు ముందు అనుమానం వచ్చేది ఆడేవాడి మీద కాదు, మెషీన్ పెట్టినవాడి మీద. కాళ్ల అడుగున స్క్రూలుంటాయి, వాటితో వాలు మార్చొచ్చు. గుండును కమ్మీ మీద కాస్త జరిపి బిగిస్తే చీమ పాకినా టిల్ట్ అయ్యేలా చేయొచ్చు, లేదా ఎద్దు గుద్దినా పలకకుండా చేయొచ్చు. అందరికీ ఒకే గుండు, ఒకే బిగింపు ఉన్నంతసేపూ తోయడం ఆటలో భాగమే. మధ్యలో ఎవడి కోసమో ఆ స్క్రూ ముట్టుకుంటే అసలు తొండి అక్కడ. మా దగ్గర కాయిన్ డోర్ తాళం నా మొలతాడుకే ఉంటుంది.

అయినా అల్లుడి అసలు బాధ వేరే, అది కాసేపటికి బయటపడింది. "డాడీ 90 కిలోలు, నేను 30. నేను తోస్తే ఇది కదలదు కూడా." దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. బరువున్నవాడికి మేలు అన్నది నిజమే. కానీ ఊపు బంతికి ఎప్పుడు అందుతుందో చూడాలి. బంతి దేనికీ తగలకుండా దొర్లుతున్నప్పుడు పెట్టెను ఎంత కుదిపినా దానికి పెద్దగా పట్టదు. కదిలేది బల్ల, బంతి కాదు. బంతి రబ్బరును తాకే ఆ క్షణంలో అరచేత్తో ఒక్క తట్టు తడితే చాలు, దారి మారుతుంది. బావ ముప్పావు బలం ఖాళీ గాలికి పోతోంది, పైగా గుండును రెచ్చగొడుతోంది. ఇది పిల్లాడికి చెవిలో చెప్పాను. బావ ముందు చెబితే నేర్చుకుంటాడు.

ఇక పెట్టెను ఎత్తడం, కాలితో తన్నడం మా ఇంట్లో లేవు. సందులోంచి పూర్తిగా పడిపోయిన బంతిని కూడా ఒక్క కుదుపుతో ఎగరేసి ఫ్లిప్పర్ మీదికి తెచ్చుకునే విద్య ఒకటుంది, డెత్ సేవ్ అంటారు. పోటీల్లో దాన్ని ఒప్పుకోరు. బావ దాన్ని వీడియోలో చూసొచ్చి ప్రయత్నించిన రోజు ముందు కాలి బోల్టు వదులైంది. అది బిగించిన గంట కూలి ఇంతవరకు ఇవ్వలేదు.

మర్యాద అంటూ ఒకటుంటే అది తర్వాత ఆడేవాడి విషయంలో. ఆ ఆదివారమే జరిగింది. బావ టిల్ట్ చేసి, బంతి పోగొట్టుకుని, విసురుగా పక్కకు తప్పుకున్నాడు. పిల్లాడు ఉత్సాహంగా ప్లంజర్ లాగాడు. బంతి ఇంకా పైకి చేరనే లేదు, హెచ్చరిక, హెచ్చరిక, టిల్ట్. వాళ్ల నాన్న ఊపిన గుండు ఇంకా ఊగుతూనే ఉంది. పాపం ఒకరిది, శిక్ష ఇంకొకరికి. పోటీల్లో ఇలా జరిగితే నష్టపోయినవాడికి మళ్లీ బంతి ఇస్తారు. నేనూ ఇచ్చాను. బావ "నేను కావాలని చెయ్యలే" అన్నాడు. కావాలని చేయలేదని నాకూ తెలుసు. కానీ టిల్ట్ చేసినవాడు గుండు ఆగేదాకా తర్వాతివాణ్ణి ఆపాలి, ఆ బాధ్యత వాడిదే. ఇప్పుడు అల్లుడు తన వంతు వచ్చినప్పుడల్లా పది దాకా గట్టిగా లెక్కపెట్టి గానీ ప్లంజర్ ముట్టుకోవడం లేదు. వాళ్ల నాన్నకు వినిపించాలనే లెక్కపెడతాడు.

నిన్న రాత్రి వాళ్లింట్లో భోజనాలయ్యాక క్యారమ్ బోర్డు దించారు. రెడ్ మూలన ఊరిస్తోంది. బావ ఊపిరి బిగబట్టి, ఒంగి, స్ట్రైకర్ వెనక వేలు మడిచాడు. పొట్ట బోర్డు అంచుకు ఆనుకుంది.

"టిల్ట్!" అన్నాడు అల్లుడు.

మా అక్క నవ్వు ఆపుకోలేక గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. బావ కాసేపు వాడి వంకా, నా వంకా చూసి, స్ట్రైకర్ వాడి వైపు జరిపాడు.