వశిష్ఠ ఒడ్డున సొంత కోర్టు

నరసాపురం వెళ్లే రాత్రి రైలు ఆకివీడు దాటేసరికి తెల్లవారింది. కిటికీకి రెండు వైపులా నేల కంటే నీళ్లే ఎక్కువగా కనిపించాయి. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల చక్రాలు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. గట్ల మీద కొబ్బరి చెట్లు, మధ్య మధ్య కోతలు అయిపోయి మోళ్లు మిగిలిన వరి చేలు. ఉండి, భీమవరం, వీరవాసరం దాటి పాలకొల్లులో దిగాను. బయటి ఊళ్లవాళ్లు ఇక్కడ దిగేది ఎక్కువగా పంచారామాల్లో ఒకటైన క్షీరారామం చూడడానికే. నేను మాత్రం బాస్కెట్‌బాల్ చూడడానికి వచ్చాను.

మా అక్కావాళ్ల ఊరు అక్కడికి దగ్గరే. ఆ ఊరి హైస్కూలు మైదానంలో సిమెంటు కోర్టు ఉంది. చుట్టుపక్కల ఊళ్ల క్లబ్బులు చలికాలంలో ఇంటా బయటా పద్ధతిలో ఆడుకుంటాయి. ఒక ఆదివారం మన కోర్టులో, ఇంకో ఆదివారం వాళ్ల కోర్టులో. జీతం తీసుకుని ఆడేవాళ్లు ఎవరూ లేరు. మన దేశంలో ఈ ఆటతో బతకాలంటే ఇప్పటికీ నమ్మకమైన దారి స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), చెన్నైలోని ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు జట్లు అలా ఏర్పడినవే. 2015లో యూబీఏ అన్న బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ స్కై అన్న జట్టు కూడా ఉండేది. మనకూ ఒక జట్టు వచ్చిందని ఎంతో సంబరపడ్డాను. 2017 తరువాత ఆ లీగ్ జరగలేదు. సొంత జట్టు, సొంత కోర్టు అన్న మాటలకు ఇక్కడ అర్థం వెతకాలంటే ఇలాంటి ఊళ్లకే రావాలని అప్పటి నుంచీ నా నమ్మకం. ఈ ఊరి జట్టులో రైల్వేలో పనిచేసే ఒక కుర్రాడు ఉన్నాడు. సెలవు పెట్టి, రాత్రంతా ప్రయాణం చేసి, ఆడడానికి వచ్చాడు.

ఆదివారం పొద్దున బావ నన్ను మోటారు సైకిల్ మీద మైదానానికి తీసుకెళ్లాడు. ఆట సాయంత్రం అయినా అప్పటికే అక్కడ పదిహేను ఇరవై మంది పనిలో ఉన్నారు. ఒకతను నిచ్చెన వేసుకుని రింగుకు కొత్త నెట్టు కడుతున్నాడు. ఇద్దరు సుద్దతో గీతలు సరిచేస్తున్నారు. రింగు 3.05 మీటర్ల ఎత్తులో ఉందో లేదో టేపు పెట్టి కొలిచి, మళ్లీ కొలిచారు. పక్క ఊరివాళ్లు పోయినసారి అంగుళం తేడా ఉందని అన్నారట. ఆ మాట పడినందుకు వీళ్లకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఒక మూల గోనె సంచులు కుప్పగా పడి ఉన్నాయి. ఎందుకని అడిగితే, "మంచుకండి" అన్నాడు గీతలు వేస్తున్న అబ్బాయి.

డెల్టాలో చలికాలపు ఆటకు అసలు ప్రత్యర్థి మంచే. కాలువలు, చెరువుల వల్ల గాలి నిండా తేమ ఉంటుంది. పొద్దు గూకాక ఆరుబయటి సిమెంటు త్వరగా చల్లబడుతుంది. ఏడు దాటిందంటే కోర్టు మీద సన్నటి తడి పొర దిగుతుంది, లైట్ల వెలుగులో నేల మెరుస్తుంది. అందుకే మూడింటికే ఆటలు మొదలుపెడతారు. అయినా ముందు ఆడపిల్లల మ్యాచ్, తరువాత మగపిల్లల మ్యాచ్ అయ్యేసరికి మంచు పడక మానదు. అప్పుడు విరామం దొరికిన ప్రతిసారీ సంచులు పరిచి, వాటి మీద కాళ్లు పెట్టి, ఒకే వరుసలో ఇటు చివర నుంచి అటు చివరకు ఈడ్చుకుంటూ పోతారు. ఊరి పిల్లలకు ఆ పని దక్కడమే గొప్ప. మా మేనల్లుడికి ఆ వరుసలో చోటు దొరకలేదని పొద్దున్నే అలిగాడు.

2018 చలికాలంలో కాలిఫోర్నియాలోని తమ్ముడి దగ్గరకు వెళ్లినప్పుడు ఓక్లండ్‌లో, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే వారియర్స్ జట్టు సొంత మ్యాచ్‌లు చూశాను. ఆ పాత అరీనాలో 19,596 మంది పట్టేవారు. మరుసటి ఏడాది జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కొత్త చేజ్ సెంటర్‌కు మారిపోయింది. అక్కడ ఆటగాడు కింద పడి లేస్తే చాలు, మేపుల్ చెక్క నేల మీది చెమట తుడవడానికి కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. వారియర్స్ ఆటగాడు కర్రీ బంతి అందుకోగానే, అతను ఇంకా విసరకముందే, చుట్టూ అందరూ లేచి నిలబడేవారు. అంత ఆనందం నాకు మరే ఆటలోనూ దొరకలేదు. ఇప్పటికీ అక్కడి రాత్రి 7 గంటల ఆటను ఇక్కడ ఉదయం 8:30కి ఫోనులో పెట్టుకుంటాను. అక్క ఊరి కుర్రాళ్లు కూడా అంతే. కాలేజీ బస్సులో సగం మంది చెవుల్లో ఆ వ్యాఖ్యానమే.

మధ్యాహ్నానికి అతిథి జట్టు దిగింది. వాళ్లది గోదావరి పాయ వశిష్ఠకు అవతల, రాజోలు వైపు. చించినాడ వంతెన దాటితే కోనసీమ. ఒకప్పుడు ఇలాంటి పోటీలకు పడవలో వచ్చేవారని, రేవులో ఆలస్యమైతే ఆట మరునాటికి వాయిదా పడేదని పెద్దవాళ్లు చెప్పారు. అతిథులకు భోజనం పెట్టేది ఆతిథ్యమిచ్చే ఊరే. ఈసారి వంతు అక్కావాళ్ల వీధిది. చేపల పులుసు, పనసపొట్టు కూర, గడ్డ పెరుగు అన్నీ సిద్ధం. ఆటకు ముందు కడుపు నిండా తినలేమని వాళ్లు మొహమాటపడుతూ రెండేసి ముద్దలు తిని లేచారు. అక్క మనసు చివుక్కుమంది. "ఆట అయ్యాక మళ్లీ వడ్డిస్తాను, తినకుండా వంతెన ఎక్కనివ్వను" అని వాళ్ల కెప్టెన్ దగ్గర మాట తీసుకుంది.

ఆడపిల్లల ఆట మన ఊరు సునాయాసంగా గెలిచింది. మన జట్టులో పాయింట్ గార్డు, అంటే బంతి నడిపి ఆట నడిపించేది, పదో తరగతి పిల్ల, ఎడమచేతి వాటం. ఆ అమ్మాయి తల ఎత్తి మొత్తం కోర్టును చూస్తూ బంతి నడిపిన తీరుకు నేను ముగ్ధుడినయ్యాను. రైల్వే మహిళల జట్టు జాతీయ పోటీల్లో ఎన్నో ఏళ్లుగా పైచేయిగా ఉంది. ఈ పిల్లను ఆ దారి దాకా చేర్చే బాధ్యత ఎవరైనా తీసుకోవాలని అక్కడున్న ప్రతివాళ్లతోనూ అన్నాను.

మగపిల్లల ఆట మొదలయ్యేసరికి మైదానంలో కాలు పెట్టే చోటు లేదు. ప్రహరీ గోడ మీద, ట్రాక్టరు ట్రక్కుల మీద, ఎక్కడ చూసినా జనమే. బంతి అందిన జట్టు 24 సెకన్లలోగా బుట్టకు విసరాలి. ఆ గడియారం కొనే స్తోమత క్లబ్బుకు లేదు. స్కోరు బల్ల దగ్గర ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుని, చివరి పది సెకన్లకు చెయ్యి పైకెత్తుతాడు. అంతే, ఊరంతా ఒక్క గొంతుతో "పది, తొమ్మిది, ఎనిమిది" అని లెక్క మొదలుపెడుతుంది. ఎన్‌బీఏలో ఈ నిబంధన 1954లో వచ్చింది. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని దాచుకుని కాలం వెళ్లబుచ్చకుండా, 48 నిమిషాల ఆటలో సుమారు 120 షాట్లు పడేలా లెక్కవేసి 24 అన్నారు. ఆ లెక్క ఇంత అందంగా వినిపించడం నేను ఓక్లండ్‌లోనూ చూడలేదు.

చివరి నిమిషంలో మనవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. అవతలి కుర్రాడు బుట్ట కిందకు దూసుకొచ్చాడు, మనవాడి చెయ్యి తగిలింది, రిఫరీ ఈల వేశాడు. రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా బుట్టకు విసిరే అవకాశాలు, ఒక్కోదానికి ఒక పాయింటు. వెంటనే గోడ మీది కుర్రాళ్లు కేకలు అందుకున్నారు. అప్పుడు మన బెంచీ దగ్గర నుంచి డ్రిల్లు మాస్టారు లేచి, రెండు చేతులూ పైకెత్తి జనం వైపు తిరిగారు. రిటైరై చాలా ఏళ్లయింది, అయినా అక్కడున్నవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే. అరుపులు ఆగిపోయాయి. బంతి చేతికొచ్చాక విసరడానికి అయిదు సెకన్లే సమయం. ఆ కుర్రాడు బూటు అడుగును అరచేత్తో తుడుచుకుని, బంతిని ఒకసారి నేలకు కొట్టి విసిరాడు. మొదటిది పడింది. రెండోది రింగు వెనక అంచుకు తగిలి పైకి లేచి, బయటికి పోయింది. స్కోరు సమం.

అదనంగా అయిదు నిమిషాలు. అప్పటికి మంచు బాగా దిగింది. సిమెంటు మీద తోలు బంతి నిలవదని ఇక్కడ రబ్బరు బంతితో ఆడతారు. తడిస్తే వేళ్లకు పట్టు చిక్కదు. ఆట ఆగినప్పుడల్లా సంచుల వరుస కదిలింది. ఆ వరుసలో అతిథి జట్టు రిజర్వు ఆటగాళ్లు కూడా కలిశారు. మన రైల్వే కుర్రాడు ఒక మలుపులో జారి మోకాలు చెక్కుకుపోయినా ఆడుతూనే ఉన్నాడు. చివరికి మనవాళ్లు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

ఆ రాత్రి టీ కొట్టు దగ్గర గొడవే గొడవ. అరవనిచ్చి ఉంటే మొదటిది కూడా తప్పేదని కుర్రాళ్ల వాదన. సొంత కోర్టులో ఆడుతూ నోరు మూసుకుని కూర్చోవాలా అని ఒకడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మాస్టారు నెమ్మదిగా, "వాడు మన ఇంటి అన్నం తిన్నాడు నాన్నా. ఒంటరిగా నిలబడ్డప్పుడు వెనకనుంచి అరవకూడదు" అన్నారు. ఓక్లండ్‌లో రింగు వెనక కూర్చున్నవాళ్లు పొడవాటి బెలూన్లు ఊపుతూ చెవులు చిల్లులు పడేలా అరిచేవారు. నేనూ వాళ్లతో అరిచాను. అక్కడ అది ఆటలో భాగమే, అందులో తప్పు లేదు. కానీ ఇక్కడ మాస్టారి మాటే నాకు సరైనదనిపించింది. పొద్దున్నుంచీ గీతలు గీసి, నేల తుడిచి, వంట చేసినవాళ్లది ఈ కోర్టు. అందులో ఎలా ఉండాలో చెప్పే హక్కు వాళ్ల పెద్దకు ఉంది. ఆ మాటే అందరి ముందూ అన్నాను. కుర్రాళ్లు నా మీద కూడా కోప్పడ్డారు.

అతిథులు మాట తప్పలేదు. రాత్రి పదింటికి అక్క వడ్డించిన పులుసు గిన్నె ఖాళీ చేసే బస్సెక్కారు.

తరువాతి ఆదివారం ఆట చూడడానికి నది దాటి మేమూ వెళ్లాం. చించినాడ వంతెన మీద నుంచి చూస్తే వశిష్ఠ రెండు ఒడ్డుల మధ్య నిండుగా, తాపీగా సముద్రం వైపు పోతోంది. వాళ్ల కోర్టు చుట్టూ కొబ్బరి తోటలు, రింగుల వెనక డప్పులు. మన రైల్వే కుర్రాడు ఫ్రీ త్రోకు నిలబడగానే ఆ డప్పుల మోతకు తోటలో కొంగలు లేచిపోయాయి. అతను రెండూ వేశాడు. మనవాళ్లు గెలిచారు. వాళ్లు మాకు పెట్టిన భోజనంలో ఏ లోటూ లేదు, మా అక్కకు కాజాల పొట్లం కూడా కట్టించారు.

తిరుగు బస్సులో వెనక సీట్ల కుర్రాళ్లు సంక్రాంతి తరువాతి మ్యాచ్‌కు మనమూ డప్పులు తేవలసిందేనని పట్టుబట్టారు. ముందు సీట్లో మాస్టారు కిటికీ మూసి, వెనక్కి తిరిగారు.

"తెండి. ఫ్రీ త్రో అప్పుడు మాత్రం కింద పెట్టండి."