రాత్రిబడి

ఒహాయోలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను ఇంగ్లిషు రచన నేర్పుతాను. గోదాములో పని దిగి నేరుగా వచ్చేవాళ్లు, తరగతి ముగియగానే వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీకి వెళ్లేవాళ్లు, నలభై దాటాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లులు నా సాయంత్రపు తరగతిలో కూర్చుంటారు. తమకు రాయడం రాదని తొలిరోజు వాళ్లు తలవంచుకొని చెబుతున్నప్పుడు, నాకు కలిగిరి దగ్గర మా ఊళ్లో లాంతరు వెలుగులో నడిచిన రాత్రిబడి గుర్తుకొస్తుంది.

నెల్లూరు జిల్లాలో 1990 తర్వాత అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు మా అమ్మ కూడా పలక పట్టింది. పొగాకు ఆకును ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని ముగించుకొని, మాకు అన్నం పెట్టి, ఆ బడికి వెళ్లేది. అక్కడి వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం కథ ఒకటి ఉండేది. అది తమ కథేనని గుర్తుపట్టిన ఆడవాళ్లు చదవడంతో ఆగలేదు. దూబగుంటలో రోశమ్మ వంటివారు ముందు నిలిచి సారాను అడ్డుకోగా, ఆ పోరాటం 1992లో జిల్లా అంతటా అల్లుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. వాళ్లకు గుణింతాలు పూర్తిగా వచ్చాకే మాట్లాడమని ఎవరైనా షరతు పెట్టి ఉంటే ఏమయ్యేదో నేను తరచూ ఆలోచిస్తాను.

అందుకే మొదటి చిత్తుప్రతిలో నేను తప్పులు దిద్దను. ఏం చెప్పదలిచారు, ఎవరికి చెప్పదలిచారు అని మాత్రమే అడుగుతాను. రాత్రి బస్సు లేక రెండు మైళ్లు నడిచే విద్యార్థిని ఉంటే, ఆమె వ్యాసం నగర పాలక మండలికి రాసే ఉత్తరం అవుతుంది. తప్పుల సంగతి మూడో ప్రతిలో వస్తుంది. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1970లో ప్రవేశాలు అందరికీ తెరిచినప్పుడు, అక్కడ బోధించిన మీనా షానెసీ విద్యార్థుల తప్పులను ఓపికగా పరిశీలించి, వాటి వెనుక ఒక తర్కం ఉందని చూపించారు. ఇది నా అనుభవం కూడా. నేను ఇక్కడ చదువుకున్న రోజుల్లో ‘ది’, ‘ఎ’ అనే చిన్న మాటలు వదిలేసినందుకు నా వ్యాసాలు ఎర్రసిరాతో నిండి తిరిగి వచ్చేవి. తెలుగులో అటువంటి మాటలే లేవు కనుక అవి ఎక్కడ అవసరమో నా చెవికి తెలియలేదు. అది నా నిర్లక్ష్యం కాదని చెప్పినవారు లేరు. నా విద్యార్థులకు ఆ మాట నేను చెబుతాను, ఆ తర్వాతే సూత్రం నేర్పుతాను.

తరగతి గదిలో ఉండిపోతే ఈ పని సగమే జరుగుతుందని నా నమ్మకం. విద్యార్థుల రాతపనికి సాయం చేసే రైటింగ్ సెంటర్‌లో కొన్ని గంటలు కూర్చుంటాను, సెమిస్టరు చివర విద్యార్థులు తమ రచనలు చదివే సాయంత్రం ఏర్పాటుచేస్తాను. గురువారాలు, అవసరమున్న విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే కాలేజీ ఫుడ్ ప్యాంట్రీలో బియ్యం, పప్పు, డబ్బాల సామాను సర్దుతాను. ఒకసారి అక్కడికి నా తరగతి కుర్రవాడే సంచితో వచ్చాడు. రెండు వారాలుగా అతని వ్యాసం ఎందుకు అందలేదో నాకు ఆ క్షణంలో తెలిసింది. నేను ఆ ప్రస్తావన తేలేదు, గడువు మాత్రం పొడిగించాను.

వేసవి సెమిస్టరులో రాత్రి తొమ్మిదింటికి తరగతి ముగిస్తే మా ఊళ్లో ఉదయం ఆరున్నర. కారెక్కగానే అమ్మకు ఫోన్ చేస్తాను. ఆనాడు రాత్రిబడి నడిపిన కుర్రవాళ్లు రోజూ లెక్కపెట్టుకున్నట్టే, ఆమె మొదట అడిగేది ఒక్కటే.

“ఈరోజు ఎంతమంది వచ్చినారు అమ్మీ?”

“పంతొమ్మిది మంది వచ్చారమ్మా.”

“రాని వాళ్లకు ఫోన్ చేసినావా?”