మా అమ్మ ఇట్టా మాట్లాడే మనిషి కాదు సిస్టర్

“గొడవ పేషెంటు అని చెప్పొద్దు, ఏం చేసిందో చెప్పు.” ఇంగ్లండు వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు సీనియర్ ఇట్లా అంటే నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ వచ్చిన మన నర్సు పిల్లలకు మనసు చివుక్కుమంటుంది. అన్నది మాత్రం సబబే. గొడవ మనిషని విని మంచం దగ్గరికి పోతే, ముసలామె చేతికి పెట్టిన క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్నటి గొట్టం) పీక్కున్నా గొడవగానే కనబడుతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషికి ఇవాళ తికమక మొదలైందని తోచదు.

బీపీ, నాడి లాంటివి చూసి పేషెంటు పరిస్థితికి పాయింట్లు వేసే చార్టు అక్కడ ఒకటుంది, పేరు న్యూస్-2. అందులో కొత్తగా వచ్చిన తికమకకు 3 పాయింట్లు. బీపీ, నాడి, జ్వరం అన్నీ సరిగ్గా ఉన్నా ఆ 3 చాలు, డాక్టరుకు చెప్పి కనీసం గంటకోసారి చూడాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్త మందు, ఆక్సిజన్, షుగర్ పడిపోవడం... ముందు ఇవి వెతకాలి. గమ్మున పడుకునే వాళ్లకు ఇంకా ప్రమాదం. ‘మంచి పేషెంటు’ అని పేరొస్తుంది, మగతలోకి జారేది ఎవరూ పట్టించుకోరు.

మన పెద్దాసుపత్రిలో అయితే మంచం పక్కన చాపేసుకుని కూతురో కోడలో ఉంటుంది. “మా అమ్మ ఇట్టా మాట్లాడే మనిషి కాదు సిస్టర్” అని ఆమె అనే మాటకే ఆ 3 పాయింట్ల విలువుంది. ఇంగ్లండులో రాత్రి మంచం పక్కన మామూలుగా ఎవరూ ఉండరు.

మన దగ్గర నర్సులు కసురుకుంటారని విదేశం వచ్చినవాళ్లు తేలిగ్గా అనేస్తారు. దయ లేక కాదది. 1988లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ గిల్బర్ట్ బృందం ఒక ప్రయోగంలో మాటలు వినబడని వీడియోలో కంగారు పడుతున్న ఒకామెను చూపించింది. ఆమెను ఇబ్బందికరమైన విషయాల మీద మాట్లాడిస్తున్నారని తెరమీద రాసే ఉంది. అయినా ఆ విషయాలను కంఠస్థం చేసే పని పడ్డవాళ్లు ఆమె స్వభావమే అంత అనుకున్నారు. తల నిండా పనున్నప్పుడు మొదటి అభిప్రాయాన్ని సవరించుకునే తీరిక ఉండదు. వార్డు నిండా పేషెంట్లుండి, నాలుగు వైపుల నుంచీ పిలుస్తుంటే ఎవరికైనా అంతే. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రుల్లో మందులిచ్చే నర్సుకు ‘కదిలించొద్దు’ అని రాసిన ఎర్ర ఏప్రన్ వేసేది అందుకే.

కాబట్టి అప్పగించేటప్పుడు పేర్లు పెట్టకుండా ఇట్లా చెప్పండి: “సాయంత్రం బాగానే మాట్లాడింది, రాత్రి 2 గంటలకు క్యాన్యులా పీకేసింది, ఇది ఏ ఊరని అడిగింది.” తర్వాత వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, సంవత్సరం అడగండి. నెలల పేర్లు వెనకనుంచి చెప్పించండి. ఇంటికి ఫోన్ చేసి “మీ అమ్మ మామూలుగా ఇంతేనా?” అని అడిగి, వాళ్లన్నది అన్నట్టే టైముతో సహా నోట్స్‌లో రాయండి.