ఒక్క భాగహారం దగ్గర ఆగిపోయిన నా ఇంటర్వ్యూ

నల్లగొండ జిల్లా గ్రంథాలయంలో నా చుట్టూ అందరూ గ్రూప్స్, కానిస్టేబుల్ వాళ్లే. సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) ఫిజిక్స్ చదివేది నేనొక్కడినే. న్యూట్రినోల గురించి, అంటే దాదాపు దేనికీ తగలకుండా దూసుకుపోయే అతి తేలికైన కణాల గురించి చెబితే పక్క కుర్చీ అన్న, "గ్రూప్-2ల వస్తదా తమ్మీ?" అన్నాడు.

రాతపరీక్ష గురించి ఎక్కువ చెప్పను. పార్ట్-సీలో 30కి 20 చేస్తే చాలు, తప్పుకు నాలుగో వంతు కోత. వదిలేయడం అలవాటు చేసుకోండి, అంతే. నాకు దెబ్బ తగిలింది పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో.

ఏ టాపిక్ ఇష్టమని అడిగారు. "సూపర్‌సిమ్మెట్రీ మోడల్స్‌లో ఇన్‌ఫ్లేషన్, న్యూట్రినో ద్రవ్యరాశులు" అన్నాను గొప్పగా. (సూపర్‌సిమ్మెట్రీ అంటే ప్రతి కణానికీ ఒక సూపర్ జోడీ కణం ఉంటుందనే ఊహ. ఇన్‌ఫ్లేషన్ అంటే తొలిక్షణంలో విశ్వం ఒక్కసారిగా ఉబ్బడం.) "అయితే సీసా లెక్క వేయండి" అన్నారు. (మన సీసా కాదు, పిల్లలు చెరో వైపు కూర్చుని ఊగే బల్ల. కుడిచేతి న్యూట్రినో అనే, ఇంకా ఎవరికీ కనబడని కణం ఎంత బరువైతే మన న్యూట్రినో అంత తేలిక.) చాక్‌పీస్ పట్టుకుని నిలబడిపోయాను. తీరా చూస్తే అది ఒక్క భాగహారం: 100 జీఈవీ (కణాల బరువుకు కొలమానం, ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్ట్‌లు) వర్గాన్ని 10¹⁴ జీఈవీతో భాగిస్తే 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్.

ఆ రోజు నుంచి మోడల్ పేర్లు బట్టీ పట్టడం మానేశాను. ఒక్కో మోడల్‌కు ఒక పేజీ: ఏం చెబుతుంది, ఏ అంకె ఇస్తుంది, ఎక్కడ ఓడింది. ఉదాహరణకు 1993లో మురయామ, సుజుకి, యనగిడ, యొకొయామ ఆ బరువైన న్యూట్రినో సూపర్ జోడీనే, అంటే స్న్యూట్రినోనే, ఇన్‌ఫ్లటాన్ (ఇన్‌ఫ్లేషన్‌ను నడిపిన కణం) అన్నారు. దాని ద్రవ్యరాశి సుమారు 10¹³ జీఈవీ. న్యూట్రినోల తేలికదనానికీ, విశ్వం ఉబ్బడానికీ ఒకే కణం! నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వర్గ పొటెన్షియల్‌లో (శక్తి ఇన్‌ఫ్లటాన్ క్షేత్రం వర్గంతో పెరిగే రూపం) 60 ఈ-ఫోల్డ్‌లు (ఒక్కోదానికి విశ్వం సుమారు 2.7 రెట్లు ఉబ్బుతుంది) తీసుకుంటే స్పెక్ట్రల్ ఇండెక్స్, అంటే తొలి విశ్వపు హెచ్చుతగ్గులు చిన్న, పెద్ద దూరాల్లో ఎలా మారతాయో చెప్పే అంకె, 1 − 2/60, అంటే 0.967. విశ్వపు తొలి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం చెప్పింది 0.965. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ టెన్సర్-స్కేలర్ నిష్పత్తి (ఆ హెచ్చుతగ్గులతో పోలిస్తే గురుత్వ తరంగాలు ఎంతో చెప్పేది) 8/60, అంటే 0.13 వస్తుంది. 2021లో దక్షిణ ధ్రువంలోని బైసెప్/కెక్ టెలిస్కోపుల ఫలితాలు 0.036 మించకూడదన్నాయి. కాబట్టి ఆ సాదా రూపం పోయినట్టే.

రెండో ఇంటర్వ్యూలో, వేరే చోట, ఈ రెండు భిన్నాలూ బోర్డు మీద రాశాను. "ఎల్‌హెచ్‌సీలో (జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే యంత్రం) సూపర్ జోడీ ఒక్కటీ దొరకలేదు కదా, ఇంకా ఎందుకీ సూపర్‌సిమ్మెట్రీ?" అన్నారొక మేడమ్. ఇన్‌ఫ్లేషన్‌కు కావలసిన చదునైన పొటెన్షియల్‌ను క్వాంటం సవరణల నుంచి కాపాడుతుంది మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వి, "మరి సూపర్‌గ్రావిటీలో?" అన్నారు. సూపర్‌గ్రావిటీ అంటే గురుత్వాకర్షణను కూడా కలుపుకున్న సూపర్‌సిమ్మెట్రీ. అక్కడ ఇన్‌ఫ్లటాన్ ద్రవ్యరాశి హబుల్ స్థాయికి (అప్పటి విశ్వ విస్తరణ రేటు స్థాయికి) పెరిగి ఆ చదును చెడుతుంది, అదే ఈటా సమస్య. ఆ పేజీ నా నోట్‌బుక్‌లో అప్పటికే ఉంది.