హ్యూస్ నదుల్ని ముండకంతో చదివి గట్టెక్కాను

ఆఫ్రికన్ అమెరికన్ కవిత్వాన్ని వేదాంత దృష్టితో చదివిన నా పేపరుకు నిన్ననే ఆమోదం వచ్చింది. దాని సమీక్షకుడి మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

రచయిత జీన్ టూమర్ భాగం తేలిగ్గా అయిపోయింది. 1923లో ‘కేన్’ పుస్తకం తెచ్చాక ఆధ్యాత్మిక గురువు గుర్జీఫ్ బోధనల వైపు వెళ్లాడు, 1939లో భారతదేశానికి వచ్చాడు. పోలికకు ఆధారం ఆయన జీవితంలోనే ఉంది. కవి రాబర్ట్ హేడెన్‌ను వదిలేశాను. ఆయన బహాయీ మతస్థుడు, ఆ విశ్వాసానికి మన రంగు పులమడం అన్యాయం.

చిక్కంతా కవి లాంగ్‌స్టన్ హ్యూస్ దగ్గరే. 1921లో ‘ద క్రైసిస్’ పత్రికలో వచ్చిన ‘ద నీగ్రో స్పీక్స్ ఆఫ్ రివర్స్’ కవితలో యూఫ్రటీస్‌లో మునిగి, కాంగో దగ్గర గుడిసె వేసి, నైలు మీద పిరమిడ్లు లేపి, మిసిసిపీ పాట విన్నది ఒకే ‘నేను’. మనవాళ్లకు వెంటనే ఆత్మ గుర్తొస్తుంది. సమీక్షకుడు అదే పట్టుకున్నాడు. ముండకోపనిషత్తు (3.2.8)లో నదులు నామరూపాలు విడిచి సముద్రంలో కలిసినట్టే ఇవీ కలిశాయని రాయాలట! లేదంటే ‘భారతీయ దృష్టి లోపించినట్టే’నట!

కవితలో సముద్రం ఊసే లేదు. నాలుగు నదుల్లో ఒక్కటీ పేరు వదలదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో తెచ్చినవాళ్ల సొంత పేర్లు చెరిపేసి యజమానులు తమకు తోచినవి పెట్టారు. పేరు పోవడం వాళ్లకు ముక్తి కాదు, వాళ్ల మీద జరిగిన దోపిడీ. అందుకే ఆ కవి ఒక్కో నదినీ పేరు పెట్టి పిలుస్తాడు. ముండకానికీ దీనితో పేచీ లేదు. మంత్రం రెండో సగం చూడండి: నామరూపాల నుంచి విడివడేది విద్వాంసుడు, తెలిసినవాడు. లాక్కుంటే పోగొట్టుకున్నవాడి మాట అక్కడ లేదు. సగం మంత్రం ఎత్తి రాసే పెద్దలకు ఇది కనిపించదు.

ఈ దారిలో రాయబోయేవాళ్లు ముందు కవితలోని పేర్లూ క్రియలూ ఒక పక్కన, పూర్తి మంత్రం మరో పక్కన రాసుకోండి. రెండూ విడిపోయే చోటే మీ వాదం మొదలవుతుంది. బానిసత్వాన్ని ప్రారబ్ధంతో వివరించకండి. కొరడా దెబ్బ తిన్నవాడి మీదే నేరం మోపినట్టవుతుంది. జాతిభేదం మాయ అని కొట్టిపారేయకండి. శంకరాచార్యుల లెక్కలోనూ వ్యావహారికంలో, అంటే రోజువారీ లోకానుభవంలో, దెబ్బ దెబ్బే, ఈ కవిత్వం మాట్లాడేది ఆ స్థాయి నుంచే. సమీక్షకుడికి జవాబుగా మంత్రం రెండు సగాలూ, నాలుగు నదుల పేర్లూ ఒకే పేజీలో పెట్టి పంపాను. సంపాదకుడు నా పాఠాన్ని మార్చకుండా తీసుకున్నాడు.