రిపన్‌లో ఒక శుక్రవారం

2024 నవంబర్‌లో అమెరికా ప్రెసిడెంట్ ఎన్నికల ఫలితాలు వచ్చాక, ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్‌లో మా అక్కావాళ్ళింట్లో టీవీ పెట్టడం మానేశారు. బావ డెమొక్రాట్. "మా పార్టీ పని అయిపోయిందిరా, ఇంక లేవదు" అని పొద్దున కాఫీ దగ్గర ఎత్తుకుంటే రాత్రి పెరుగన్నం దాకా అదే పాట. రిపబ్లికన్ ట్రంప్‌కి 312 ఎలక్టోరల్ ఓట్లు, డెమొక్రాట్ కమలా హారిస్‌కి 226. దెబ్బ గట్టిదే, కాదనను. అంతమాత్రాన పార్టీ చచ్చిపోతుందా? విని విని విసుగొచ్చి, "నిజంగా ఒక పార్టీ పోయి ఇంకో పార్టీ పుట్టిన ఊరుంది, చూసొద్దాం పద" అని పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని రిపన్‌కి బయల్దేరదీశాను.

ఆయన ఆఫీసు కాల్స్ తెమిలేసరికి మధ్యాహ్నమైంది. ఇల్లినాయ్ దాటేదాకా టోల్ మీద టోల్. విస్కాన్సిన్‌లో టోల్ లేదని సంతోషించేలోపు కెనోషా దగ్గర మూడు డాలర్లు పెట్టి టీ తాగాం. గోరువెచ్చని నీళ్ళ కప్పు, పక్కన ఒక టీ సంచీ, అంతే. మిల్వాకీ, ఫాండ్ డు లాక్ మీదుగా వెళ్ళాం. 41వ నంబరు హైవే దిగి 23 మీద పడమటికి తిరిగాక కోసేసిన మొక్కజొన్న చేలు, పాడి షెడ్లు, ఎవరూ పీకని ఎన్నికల బోర్డులు.

నవంబర్‌లో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మేం వెళ్ళేసరికి ఆ చిన్న తెల్ల బడి మూసేశారు. రిపబ్లికన్ పార్టీ పుట్టిందని చెప్పుకునే చోటు అదే. ఒకటే గది, చెక్క గోడలు. మా ఊరి పంచాయతీ ఆఫీసే నయం. 1854లో బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనిచ్చే కాన్సస్-నెబ్రాస్కా బిల్లు మీద అప్పటి పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ నిలువునా చీలిపోతుంటే, ఆల్వన్ బోవే అనే లాయరు మార్చి 20న ఊరివాళ్ళను ఇక్కడ కూర్చోబెట్టి కొత్త పార్టీ పెడదామన్నాడు. (మిషిగన్‌లో జాక్సన్ ఊరివాళ్ళు, కాదు మా దగ్గరే పుట్టింది అంటారు. ఆ తగాదా వాళ్ళే తేల్చుకోవాలి.) ఆరేళ్ళకి ఆ పార్టీ తరఫున లింకన్ ప్రెసిడెంటుగా గెలిచాడు. ఆరేళ్ళా అనిపించింది నాకు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, మరుసటి జనవరికల్లా ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న ఎన్టీఆర్‌ని చూసినవాళ్ళం కదా.

చలికి తట్టుకోలేక ఒక బార్ రెస్టారెంట్‌లో దూరాం. శుక్రవారం సాయంత్రం విస్కాన్సిన్ అంతా చేపలే. క్యాథలిక్కులు మాంసం మానే రోజని మొదలైన అలవాటు, ఇప్పుడు అందరిదీ అయింది. మా అక్కేమో శుక్రవారం చేప కూడా ముట్టనివ్వదు. బావ బుద్ధిమంతుడిలా వేయించిన చీజ్ ముక్కలు తెప్పించుకున్నాడు. నేను మాత్రం బీరు కలిపిన పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప, రై బ్రెడ్డు, బంగాళాదుంప అట్టు లాగించాను. పదిహేడు డాలర్లు, టిప్పు వేరే. ఉప్పు తప్ప ఇంకేం తగల్లేదు. కారప్పొడి పొట్లం తెచ్చుకుని ఉంటే బాగుండేది.

పక్క స్టూలు మీద ఇక్కడి ఫుట్‌బాల్ టీం ప్యాకర్స్ టోపీ పెట్టుకున్న పెద్దాయన. ఆవుల్ని అమ్మేసి, పొలం కౌలుకిచ్చి ఊరికే ఉంటున్నాడట. ఎక్కణ్ణుంచి వచ్చారన్నాడు. సంగతి చెబితే బారంతా వినేలా నవ్వాడు.

"అక్టోబర్‌లో వచ్చుంటే బాగుండేది. రిపబ్లికనే అయిన లిజ్ చేనీ ఇక్కడి కాలేజీకే వచ్చి హారిస్‌కి ఓటెయ్యమంది."

"ఏమైంది మరి?"

"ఏమవుతుంది, మా కౌంటీ ట్రంప్‌కే వేసింది. ఆవిణ్ణి సొంత పార్టీవాళ్ళే 2022 ప్రైమరీలో, అదే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌లో, ఇంటికి పంపారు, ఆవిడ మాటెవరు వింటారు?"

తను ఎవరికి వేశాడో చెప్పలేదు. వాళ్ళ తాత 1924లో లాఫలెట్‌కి వేశాడని మాత్రం గొప్పగా చెప్పాడు. ఈ రాష్ట్ర సెనేటర్ లాఫలెట్ ఆ ప్రెసిడెంట్ ఎన్నికల్లో మూడో పార్టీ మీద నిలబడి విస్కాన్సిన్ ఒక్కటే గెలిచాడు. తర్వాత కొడుకులు ఇక్కడే విడిగా పార్టీ నడిపి, 1946లో మూసేసి రిపబ్లికన్లలో కలిసిపోయారు. ఆ ఏడే చిన్న లాఫలెట్ రిపబ్లికన్ ప్రైమరీలో మెకార్తీ చేతిలో ఓడిపోయాడు. "కొత్త పార్టీకి పొలం దున్నడం దండగ. ఈ రాష్ట్రంలో ప్రైమరీలో ఓటెయ్యడానికి పార్టీలో చేరనక్కర్లేదు కూడా. ఉన్న పార్టీలోకి దూరి లాక్కుంటే సరి" అన్నాడు, బంగాళాదుంప అట్టు మీద యాపిల్ సాస్ పూసుకుంటూ.

నాకు తట్టనిది అదే. మన దగ్గర అలిగినవాడు బయటికెళ్ళి జెండా కుట్టిస్తాడు. ఇక్కడ లోపలే ఉండి ఇంటి తాళాలు మార్చేస్తాడు. 2012లో ఓడాక రిపబ్లికన్ పార్టీ పెద్దలు కూర్చుని, వలసల చట్టాన్ని సంస్కరిద్దాం, లాటినోల మనసు గెలుద్దాం అని నివేదిక రాసుకున్నారు. 2016లో ట్రంప్ దానికి నేరుగా ఎదురెళ్ళి ప్రైమరీ గెలిచాడు, పార్టీ ఆయనదైపోయింది. 2024లో ఓడాక డెమొక్రాట్లు కూడా ఓటమికి కారణాలు వెతుక్కున్నారు. ఆ కాగితాలు ఎవరు రాస్తే ఏం, 2028 ప్రైమరీలో ఎవరు దూరతారన్నదే లెక్క.

తిరుగు దారిలో ఇదంతా బావకి చెప్పాను. విస్కాన్సిన్‌లో 2016, 2020, 2024 మూడు ప్రెసిడెంట్ ఎన్నికలూ ముప్పై వేల ఓట్ల లోపు తేడాతోనే తేలాయి, అదే రాష్ట్రం ఈసారి ట్రంప్‌కి వేసిన రోజే డెమొక్రాట్ టామీ బాల్డ్విన్‌ని మళ్ళీ సెనేట్‌కి పంపింది, దీన్ని చావంటారా అన్నాను. మిల్వాకీ దాకా నోరు మెదపలేదు. కెనోషా దాటాక, "గవర్నర్లలో ఎవరో ఒకరు పైకి రావాలిరా" అన్నాడు. ఇల్లినాయ్‌లో మొదటి టోల్ దాటేసరికి నలుగురి పేర్లు చెప్పి, అందులో ముగ్గురు పనికిరారని తనే తేల్చేశాడు.