బొట్టు పెట్టిన ర్యామ్

కొత్త కంప్యూటర్ బిగించిన నాలుగో రోజు, సైట్ సర్వే ఫోటోల జిప్ ఫైల్ విప్పబోతే మధ్యలో సీఆర్‌సీ ఎర్రర్ వచ్చింది, అంటే ఫైల్‌లో అంకెలు సరిపోలడం లేదని. పంపినాయన సరిగ్గా అప్‌లోడ్ చేయలేదేమోనని మళ్ళీ పంపమన్నాను. విసుక్కుంటూనే పంపాడు. ఈసారి ఇంకో ఫోటో దగ్గర ఆగింది. అదే లింకు పాత ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఫోటోలన్నీ చక్కగా వచ్చాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. కొత్తదాంట్లో వైఫై డ్రైవర్ సరిగ్గా లేదు కాబోలని సర్దిచెప్పుకున్నాను.

మాది నెల్లూరు. తొమ్మిదేళ్ళుగా చెన్నైలో, వేలచేరిలో ఉంటున్నాం. ఇంటి నుంచే బిల్డింగ్ డ్రాయింగుల పని చేస్తాను. మా అక్క కొడుకు తాంబరం దగ్గర ఇంజినీరింగ్ చదువుతూ ఆదివారాలు భోజనానికి వస్తాడు. "రెడీమేడ్‌ది ఎందుకు మామా, మనమే బిగిద్దాం" అని ఎగదోసింది వాడే. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, పని జరుగుతున్నంతసేపూ అంకెల్ని పట్టి ఉంచే డీడీఆర్4 ర్యామ్ పదహారేసి జీబీవి రెండు. డీడీఆర్5 వచ్చిన కాలంలో డీడీఆర్4 కొన్నానని వాడికి ఇప్పటికీ చిన్నచూపే. డబ్బులు పెట్టేది నేను కదా.

ఆదివారం రిచీ స్ట్రీట్‌లో, అదే చెన్నైలో కంప్యూటర్ సామాన్ల బజారులో, చాలా షాపులు మూసేస్తారు. అందుకే శనివారం వెళ్ళాం. వేలచేరిలో రైలెక్కి చింతాద్రిపేటలో దిగితే అక్కడి నుంచి నడిచే దూరమే. రోడ్డు పక్కన చార్జర్లు, రిమోట్లు, కేబుళ్ళు కుప్పలు పోసి అమ్ముతుంటారు. మనకు కావలసిన షాపులు ఇరుకు మెట్లెక్కితే పైన ఉంటాయి. నాలుగు షాపుల్లో ధర అడిగి, ఐదోదాంట్లో అన్నీ ఒకే బిల్లు మీద తీసుకున్నాం. ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ అన్నారు. ఎవరి లైఫ్‌టైమో బిల్లు మీద రాయలేదు.

ఆ రాత్రి మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర మీద ఏమీ లేదు. బోర్డు అంచున డీర్యామ్ అని రాసి ఉన్నచోట చిన్న పసుపు లైటు వెలుగుతోంది. మావాడు కంగారు పడలేదు. ఆ బోర్డులో ర్యామ్ స్లాట్‌కి ఒక వైపే కొక్కెం ఉంటుంది. రెండో వైపు వట్టి గాడి. కొక్కెం పడిందని మనం వదిలేస్తాం, రెండో చివర అర మిల్లీమీటరు పైకే ఉంటుంది. వాడు బొటనవేలితో గట్టిగా నొక్కితే టక్‌మంది, బొమ్మ వచ్చింది. ర్యామ్ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

జిప్ గొడవ తర్వాత రెండు రోజులకు నీలం తెరలు మొదలయ్యాయి, విండోస్ ఆగిపోతూ కారణం చూపించేవి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది. ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అంటుంది. మూడోసారి ఏదో గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు చెబుతుంది. డ్రైవర్ పాడైతే మామూలుగా ప్రతిసారీ ఒకే పేరు రావాలి. పూటకో పేరు చెబుతోందంటే వాటన్నిటి కిందా ఉన్నదేదో కదులుతోందని అర్థం. ఇది ఇప్పుడు తెలిసిన సంగతి. అప్పుడు మాత్రం విండోస్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. చెమ్మ దిగే గోడకి సున్నం కొట్టినట్టయింది. ఒక రోజు పోయింది, రెండో రోజు మధ్యాహ్నానికి మళ్ళీ నీలం తెర. ఈలోపు ఒక డ్రాయింగ్‌ని సేవ్ చేశాను చూడండి, అది ఇక తెరుచుకోలేదు. ర్యామ్ తప్పయితే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మిషన్ ఆగిపోతే కనీసం తెలుస్తుంది. ఆగకుండా తప్పు అంకెను డిస్క్ మీద రాసేస్తే ఎవరికీ తెలియదు.

మావాడు ఫోన్‌లో ఒక పరీక్ష చెప్పాడు. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ అనే ప్రోగ్రాంతో ఒక పెద్ద ఫైల్‌కి హ్యాష్ లెక్క కట్టించాలి. హ్యాష్ అంటే ఫైల్‌లోని అంకెలన్నిటి నుంచి తీసిన ఒక అక్షరాల వరస. ఒకే ఫైల్‌కి ఎన్నిసార్లు కట్టినా అదే వరస రావాలి. ఫైల్ మాత్రం 32 జీబీ కన్నా పెద్దదై ఉండాలన్నాడు. చిన్నదైతే మొదటిసారి చదివినదాన్నే ర్యామ్‌లో దాచుకుని మళ్ళీ అదే చూపిస్తుందట. పాత బ్యాకప్ ఒకటి 40 జీబీది ఉంటే దాని మీద మూడుసార్లు చేశాను. మూడు వేర్వేరు వరసలు వచ్చాయి. వేసవిలో కూడా వీపు చల్లబడింది నాకు.

"ఫైళ్ళు దాచే ఎస్‌ఎస్‌డీ పోయిందేమో?" అన్నాను.

"అది పోతే మామూలుగా చదవలేనని చెప్పేస్తుంది మామా. తప్పుని ఒప్పులా చేతిలో పెట్టేది ర్యామే. మెమ్‌టెస్ట్ పెట్టు."

మెమ్‌టెస్ట్86 అని ఒకటి, మెమ్‌టెస్ట్86 ప్లస్ అని ఇంకొకటి ఉన్నాయి. పేర్లు కవలల్లా ఉన్నా రెండూ వేరు. నేను ప్లస్ ఉన్నదాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. అది ఉచితం, ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. విండోస్‌తో పనిలేకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొదలై, ర్యామ్‌లో ప్రతి గదిలోనూ ఒక గుర్తు రాసి, తిరిగి చదివి, రాసిందే ఉందా అని చూస్తుంది. రాత్రి పదింటికి పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి పెద్ద అక్షరాలతో పాస్ అని ఉంది. నాలుగు రౌండ్లు, తప్పులు సున్నా.

ఆ సున్నా నన్ను వారం రోజులు తప్పుదోవ పట్టించింది. పవర్ సప్లై మీద అనుమానం, ఎస్‌ఎస్‌డీ కేబుల్ మీద అనుమానం. ఎస్‌ఎస్‌డీకి కేబులే లేదు, బోర్డులోనే గుచ్చుతారు. అది గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. షాపుకి ఫోన్ చేస్తే "పవర్ ప్రాబ్లం సార్, యూపీఎస్ పెట్టండి" అన్నారు. యూపీఎస్ కూడా వాళ్ళే అమ్ముతారు.

దారి చూపించింది మా ఆవిడ. అన్నానికి పిలవడానికి వచ్చి, నీలం తెర ముందు తల పట్టుకుని కూర్చున్న నన్ను చూసి, "ఇది ఎప్పుడూ మధ్యాహ్నమే ఆగిపోతుందేమిటండీ? రాత్రి మీరు పన్నెండింటి దాకా చేస్తే ఒక్కసారీ ఆగలేదే" అంది.

నా టేబుల్ ఉండేది పడగ్గదిలో. అక్కడ ఏసీ రాత్రే వేస్తాం, కరెంటు బిల్లుకి భయపడి. మెమ్‌టెస్ట్ రాత్రంతా ఏసీలో జరిగింది. బయటేమో రోహిణి కార్తె. మధ్యాహ్నం ఆ పడమటి గదిలో గోడ మీద చెయ్యి పెడితే అట్లపెనంలా ఉంటుంది.

మర్నాడు పన్నెండింటికి కిటికీ వేసి, ఏసీ కట్టేసి, మెమ్‌టెస్ట్ పెట్టాను. నలభై నిమిషాలు ఏమీ లేదు. అన్నం తినొచ్చేసరికి తెర కింద సగం ఎర్ర గీతలతో నిండిపోయింది. ఒక్కో గీతలో మూడు సంగతులుంటాయి: ఏ చిరునామాలో, ఏముండాలి, ఏముంది. ఉండాల్సింది ఎనిమిది ఎఫ్‌లు. ఉన్నది ఆరు ఎఫ్‌లు, ఒక డి, చివర ఒక ఎఫ్. కంప్యూటర్ లెక్కలో ఎఫ్ అంటే నాలుగు ఒకట్లు. డి అంటే ఒకటి, ఒకటి, సున్నా, ఒకటి. అంటే మొత్తం వరసలో ఒకే ఒక్క బిట్టు, ఒకటి కాస్తా సున్నా అయింది. కింది గీత, దాని కింది గీత, అన్నిటిలోనూ చిరునామాలు దగ్గర దగ్గరే, పోయింది అదే బిట్టు.

ఒకటి సున్నా ఎందుకవుతుందో ఆ రాత్రి మావాడు చెప్పాడు. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో ఉన్న చార్జే. ఒక కెపాసిటర్, దానికి తలుపులా ఒక ట్రాన్సిస్టర్. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంట్ పొందిన ఏర్పాటు ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ కెపాసిటర్ అనే కుండకి పుట్టుకతోనే చిల్లి. చార్జి కారిపోతూ ఉంటుంది, అందుకే డీడీఆర్4లో ప్రతి గదినీ 64 మిల్లీసెకన్లకోసారి చదివి మళ్ళీ నింపుతారు. వేడి పెరిగితే కారడం పెరుగుతుంది. మంచి గదులు ఆ 64 మిల్లీసెకన్లూ తట్టుకుంటాయి. నా ర్యామ్‌లో ఏవో కొన్ని బలహీనమైన గదులు ఏసీలో తట్టుకుని, ఎండలో చేతులెత్తేశాయి.

తర్వాత చేసింది చాదస్తంగా కనిపించినా, షాపులో నన్ను కాపాడింది అదే. ముందు బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్ళి, ర్యామ్‌ని వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీని తీసేశాను. 3200 స్పీడు, 1.35 వోల్టులు అనేవి ఆ ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌వి. అది తీస్తే ర్యామ్ 1.2 వోల్టులతో నెమ్మదిగా నడుస్తుంది. తప్పులు తగ్గాయి గానీ పోలేదు. మామూలు స్పీడులో కూడా తప్పులొస్తే, మీరు ఓవర్‌క్లాక్ చేశారని, అంటే హద్దు మించి వేగంగా నడిపారని, ఎవరూ అనలేరు.

ఇక రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఏదో తేలాలి. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, తీసి పెట్టేటప్పుడు తారుమారైతే శ్రమంతా వృథా. మా ఆవిడ అద్దం మీద అంటించుకున్న బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి ఒకదానికి పెట్టాను. బొట్టు ఉన్నది, బొట్టు లేనిది. బొట్టు లేనిదాన్ని ఒక్కదాన్నే రెండో స్లాట్‌లో పెట్టి మధ్యాహ్నమంతా నడిపితే సున్నా. మర్నాడు అదే స్లాట్‌లో బొట్టు ఉన్నది పెడితే గంటలో ఎర్ర గీతలు. అయినా స్లాటో, ప్రాసెసరో కావచ్చు కదా? బొట్టుదాన్ని నాలుగో స్లాట్‌కి మార్చాను. మళ్ళీ అదే బిట్టు. బొట్టు లేనిది నాలుగో స్లాట్‌లో మళ్ళీ సున్నా. తప్పు స్టిక్ వెంట నడిచింది, స్లాట్ వెంట కాదు. ఇందుకు నాలుగు మధ్యాహ్నాలు పట్టాయి. నాలుగు పూటలా మా ఆవిడ హాల్లో ఫ్యాను కింద పడుకుంది.

షాపులో ఊహించిందే జరిగింది. కౌంటర్ కుర్రాడు స్టిక్ తీసుకుని దాని బంగారు పళ్ళని రబ్బరుతో రుద్దాడు. పాత ర్యామ్‌కి మచ్చ పడితే ఆ చిట్కా పనిచేస్తుంది, ఇది కొని నెల కాలేదు. వాళ్ళ మిషన్‌లో పెట్టి పది నిమిషాలు నడిపి "ఓకే సార్, నో ప్రాబ్లం" అన్నాడు. షాపులో ఏసీ పద్దెనిమిదిలో ఉంది.

వెనక బల్ల దగ్గర రిపేర్లు చేసే పెద్దాయన నా మాట విని తల తిప్పాడు. "నెల్లూరా సార్? మా ఇంట్లో కూడా తెలుగే" అన్నాడు. ఫోన్‌లో ఫోటోలు చూపించాను: ఎక్స్‌ఎంపీ తీసేసిన బయాస్ పేజీ, రెండు స్లాట్లలోనూ అదే బిట్టు పోయిన ఎర్ర గీతలు, ఇంకో స్టిక్‌తో వచ్చిన పాస్‌లు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. "వేడి ఎక్కితేనే పోతుంది ఇది" అని, కుర్రాడితో అరవంలో ఏదో అన్నాడు. కుర్రాడు వారంటీ ఫారం తీశాడు.

"రెండూ ఇచ్చేయండి సార్. జతగా అమ్మినవి, జతగానే మారుస్తారు."

మంచిదాన్ని కూడా ఇవ్వాలంటే ప్రాణం ఒప్పలేదు. అది లేకపోతే మిషనే నడవదు. కానీ ఆయన మాట నిజం. సగం జతకి ఇంకో సగం తెచ్చి కలిపితే పొసగకపోవచ్చు. ఇచ్చేసి పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులిపాను. బొట్టుబిళ్ళ తీయడం మర్చిపోయాను.

పదహారు రోజులకు కొత్త జత వచ్చింది. పెట్టగానే విండోస్ జోలికి పోలేదు. ముందు మెమ్‌టెస్ట్, పన్నెండింటికి, కిటికీ వేసి. కార్తె వెళ్ళిపోయినా చెన్నైకి ఆ కబురు అందలేదు. సాయంత్రం ఆరు దాకా మూడు రౌండ్లు, సున్నా. అప్పుడు విండోస్ మొదటి నుంచి ఎక్కించి, 40 జీబీ ఫైల్‌కి హ్యాష్ మూడుసార్లు కట్టించాను. మూడూ ఒకటే. మూడో వరసలో చివరి అక్షరం దాకా వేలు పెట్టి చదువుతుంటే మా ఆవిడ గుమ్మంలోంచి, "ఇప్పుడైనా ఏసీ వేస్తారా?" అంది.

వేశాను. ఆ తెరుచుకోని డ్రాయింగ్ మళ్ళీ గీయడానికి కూర్చున్నాను.